పోటు గడియారం బాజి బాబాయ్

మా బాజి బాబాయ్ గడియారాలు బాగుచేస్తాడు గానీ గడియారాన్ని నమ్మడు. ఆయన నమ్మేది ఒక్క సముద్రాన్నే.

బందరులో కోనేరు సెంటరు దాటిన రెండో సందులో, నా జిరాక్సు షాపుని ఆనుకుని ఆయన వాచీల షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఆయన స్టూలు మీద కూర్చుని కాళ్ళు చాపితే ఒక కాలు నా షాపులోకి వస్తుంది. గోడ నిండా గడియారాలు. ఒక దానికీ ఇంకోదానికీ పొత్తు కుదరదు. ఒకటి తొమ్మిదంటే పక్కది పావుతక్కువ నాలుగంటుంది. వీటన్నిటి మధ్యా చిన్న అట్టముక్క మీద ఆయన చేత్తో రాసి తగిలించిన బోర్డు: "షాపు పోటుకి మూసి, పాటుకి తెరవబడును."

సముద్రం నీళ్ళు ఎక్కటం పోటు, దిగటం పాటు. రోజుకి రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఇంతవరకూ బానే ఉంది. చిక్కెక్కడంటే చంద్రుడు రోజూ కాస్త ఆలస్యంగా వస్తాడు, ఆయన వెనకే పోటూ ఆలస్యంగా వస్తుంది, పోటు వెనకే బాజి బాబాయ్ భోజనం. సోమవారం పదింటికి అన్నం తిన్న మనిషి మంగళవారం పది యాభైకి తింటాడు. శుక్రవారానికి ఒంటిగంటా ఇరవై. అన్నం వెనకే కునుకు, కునుకు వెనకే షాపు. ఇవన్నీ లెక్కకట్టి జనానికి చెప్పే పని ఎవరిదీ? నాదే. పేరుకి జిరాక్సు షాపు గానీ నాది ఎంక్వయిరీ కౌంటరు.

"అమ్మా, పక్క షాపాయన ఎప్పుడొస్తారండీ?"

"ఇవాళ తిథేంటండీ?"

"నేను వాచీకి సెల్లు వేయించుకోడానికి వచ్చానండీ, ముహూర్తం పెట్టించుకోడానికి కాదు."

"తెలుసండీ. తిథి చెప్తే టైము చెప్తాను."

"విదియ అనుకుంటానండీ."

"అయితే ఇంకో అరగంట. కూర్చోండి."

సాబిరా పిన్నికి, అంటే బాబాయ్ భార్యకి, ఈ బాధ నాకన్నా ఎక్కువ. "ఐదు పూటల నమాజు దగ్గర నిమిషం తేడా రాదమ్మా అరుణా. మిగతా రోజంతా నా తలరాత" అని వాపోతుంది. ఆ మాటే బాబాయ్‌ని అడిగాను.

"నమాజుకి సూర్యుడు, అన్నానికి చంద్రుడు" అన్నాడు, ఇంత తేలిక సంగతి తెలియదా అన్నట్టు.

"మరి పిన్ని వండిన కూర చల్లారిపోతే?"

"దానికి పెరూ."

పెరూ సంగతి చెప్పలేదు కదూ! పెరూ దేశం ఒడ్డున సముద్రం వేడెక్కితే ఇక్కడ మనకి వానలు వెనకాడతాయట. ఎక్కడ పసిఫిక్కు, ఎక్కడ మా బందరు పక్కన పెదపట్నం! అయినా నిజమేనట, వాతావరణం వాళ్ళు కూడా అదే చెప్తారు. కానీ వాళ్ళు వానల దగ్గర ఆగుతారు, మా బాబాయ్ ఆగడు. గుడివాడ బస్సు రాకపోయినా పెరూయే. నా జిరాక్సు మిషన్లో కాగితం ఇరుక్కున్నా పెరూయే. ఒక ఏడాది దివిసీమలో నాట్లు ఆలస్యమయితే, ఆ దేశం వాళ్ళేదో కావాలని చేసినట్టు రెండు వారాలు కారాలు మిరియాలు నూరాడు. "మన తిండి మనం తింటున్నాం, వాళ్ళ జోలికి ఎప్పుడన్నా వెళ్ళామా?" అని నన్నే నిలదీశాడు.

బంగాళాఖాతంలో ఇన్ని తుఫాన్లెందుకొస్తాయి బాబాయ్ అని అడగటం నా జీవితంలో చేసిన పెద్ద పొరపాట్లలో ఒకటి. అప్పుడే తెప్పించుకున్న ఉప్పు నిమ్మసోడా నా చేతిలో ఉంది. దాన్ని లాక్కున్నాడు. చెంచా వెనకభాగం మీద నుంచి మంచినీళ్ళు సన్నగా దాని మీదకి జార్చాడు.

"ఇదీ బంగాళాఖాతం. గంగ, గోదావరి, మన కృష్ణ తెచ్చి పోసిన మంచినీళ్ళు. తేలిక కదా, ఉప్పునీళ్ళ మీద దుప్పటిలా తేలతాయి. కింద చల్లనీళ్ళని పైకి రానివ్వవు. ఎండకి పైపొర ఒక్కటే కాగుతుంది. కాగిన నీళ్ళ మీద గాలి బరువు తగ్గి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న గాలంతా తోసుకొస్తుంది. అదే తుఫాను. అరేబియా సముద్రాన్ని గాలి బాగా కలియబెట్టి చల్లారుస్తుంది. మనదాన్ని కలిపే దిక్కు లేదమ్మాయ్."

"నా సోడాని కలపటానికి మాత్రం మీరున్నారు" అన్నాను. ఆ గ్లాసు ఆయనే తాగేశాడు.

ఇంకోసారి మా ఇద్దరి షాపుల ఓనరు మల్లికార్జునరావు గారబ్బాయి అభినవ్ కార్తీకమాసంలో మంగినపూడి బీచికి వెళ్ళి, కుడికాలి చెప్పు అలల్లో పోగొట్టుకొచ్చాడు. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వస్తుంటే బాబాయ్ ఆపాడు.

"తొందరపడి రెండోది పారెయ్యకు బాబూ. ఒడ్డు వెంబడి నీళ్ళు ఇప్పుడు కిందికి, చెన్నై వైపు పారుతుంటాయి. ఫిబ్రవరి దాటాక తిరగబడి కాకినాడ వైపు పారతాయి. నీ చెప్పు వెళ్ళిన దారినే వస్తుంది."

ఆ అమాయకుడు నమ్మి ఎడంకాలి చెప్పుని నాలుగు నెలలు అటక మీద దాచాడు. మార్చిలో బీచికెళ్ళి వెతికితే నిజంగానే ఒక చెప్పు దొరికింది. అదీ ఎడంకాలిదే, వేరే రంగు. బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సముద్రం ప్రయత్నమైతే చేసింది" అన్నాడు.

ఇలాంటి మనిషికి, అలాంటి ఓనరు తగలటం విధి చేసిన వేళాకోళం. మల్లికార్జునరావు గారు టైమంటే ప్రాణం పెట్టే మనిషి. ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తారు గానీ, వాళ్ళ నాన్నగారి నాటి లోలకం గడియారం మాత్రం హాల్లో దేవుడి పటాల పక్కన ఉంటుంది. అది చెప్పిందే వేళ. పోయిన ఆశ్వయుజంలో అది ఆగిపోతే, పసిబిడ్డని ఆసుపత్రికి తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని బాబాయ్ దగ్గరికి తెచ్చారు.

ఇక్కడి నుంచి కథలో నేనూ ఉన్నాను. దాచుకోవటం దేనికి, చెప్పేస్తాను.

కార్తీకంలో ఒక బుధవారం సాయంత్రం రావుగారు గడియారం కోసం వచ్చారు. బాబాయ్ లేడు, పోటు వేళ. షాపు తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. తెరిచి చూస్తే గోడకి ఒకేలాంటి చెక్క గడియారాలు రెండు. ఒకటి టిక్కు టిక్కుమని చక్కగా నడుస్తోంది. రెండోదాని లోలకానికి దారం కట్టేసి ఉంది. నడిచేది వదిలేసి నడవనిది ఎవరైనా ఇస్తారా? నడిచేదే ఇచ్చాను. టైము తప్పుగా ఉందంటే, ఇంటికెళ్ళి రేడియో వార్తలకి సరిచేసుకోండని సలహా కూడా ఇచ్చాను.

బాబాయ్ రాగానే, "రావుగారు గడియారం పట్టుకెళ్ళారు" అని చెప్పాను. ఆయన ఏదో స్ప్రింగుతో కుస్తీ పడుతూ తల ఊపాడు. మర్నాడు రెండో గడియారాన్ని గోనెసంచిలో చుట్టి టీవీఎస్ మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. నెలకొకసారి అలా పాత గడియారమొకటి పట్టుకుని ఎటో వెళ్తాడు. ఉయ్యూరులో పాతసామాన్లవాడికి ఇస్తున్నాడని నా అనుమానం. ఎప్పుడూ అడగలేదు, అడిగితే పెరూ దాకా తీసుకెళ్తాడు.

ఆ రోజు నుంచే ముసురు పట్టింది. సూర్యుడు మొహం చూపించలేదు. రావుగారింట్లో గడియారం రోజుకి యాభై నిమిషాలు వెనకబడుతుంటే ఆయనకి తెలిసే దారే లేదు. శుక్రవారం నాడు పాలవాడు తెల్లారకముందే వస్తున్నాడని కేకలేశారట. ఆదివారం పదింటికి గుడివాడలో అభినవ్‌కి పెళ్ళిచూపులు. అబ్బాయి ఉద్యోగం బెజవాడలో, తిన్నగా అక్కడికే వెళ్ళాడు. పెద్దాయన మాత్రం నాన్నగారి గడియారం ఎనిమిది కొట్టాక దర్జాగా బయల్దేరి, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి గుడివాడలో దిగారు. అప్పటికి అభినవ్ ఒక్కడే పిల్ల తరఫు పద్నాలుగుమంది ముందూ కూర్చుని మూడు విడతలు సున్నుండలు తిన్నాడు. పిల్ల పేరు మాధవి. చూసి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున పదింటికి రావుగారు ఆ గడియారం చంకన పెట్టుకుని వచ్చారు. షాపు మూసి ఉంది. అరగంట సేపు ఆ అక్షింతలన్నీ నా మీద పడ్డాయి. పదిన్నరకి బాబాయ్ అన్నం తిని మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏవయ్యా బాజీ! మా వంశం పరువు గుడివాడలో తీశావు కదయ్యా! ఇది గడియారమా, ఎద్దుబండా?"

బాబాయ్ గడియారం తలుపు తీసి లోపలికి చూశాడు. లోలకం బిళ్ళ బాగా కిందికి దించి ఉంది. ఆయన ముఖంలో రంగు మారింది. తలెత్తి ఒక్కసారి నా వంక చూశాడు. తాళం తీసి ఇచ్చింది నేనేనని ఆ క్షణంలో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. పెరూ అంటాడేమోనని చూశాను. అనలేదు.

"తప్పు నాదేనండి. మీకు ఇవ్వాల్సింది ఇది కాదు" అన్నాడు.

ఏ పాపమూ ఎరగని దేశం మీద ప్రతిదీ రుద్దే మనిషి, మొదటిసారి తప్పు తన మీద వేసుకున్నాడు. అదీ తనది కాని తప్పు.

"నెలాఖరుకల్లా షాపు ఖాళీ చెయ్యి. తెరిచే వేళ లేదు, మూసే వేళ లేదు, ఇప్పుడు ఇదీ. ముందు మా నాన్నగారి గడియారం నా చేతిలో పెట్టు."

"అది హంసలదీవి దగ్గర, డ్రైను తూము మీద ఉందండి."

"తూము మీదా! మా నాన్నగారి గడియారమా!"

సరిగ్గా అప్పుడే బాబాయ్ ఫోను మోగింది. అవతల వీరాంజనేయులు, ఆ తూముకి లస్కరు. షట్టర్లు ఎత్తటం, దించటం ఆయన పని. అరుస్తున్నాడు కాబట్టి మా అందరికీ వినబడింది.

"బాబాయ్ గారూ! మీ గడియారం మూడు దాటింది, షట్టర్లు ఎత్తెయ్యమంటోంది. చూస్తే సముద్రం వైపు నీళ్ళు నిండుగా ఉన్నాయి. చేలల్లో మోకాల్లోతు వాన్నీళ్ళు, కోతకొచ్చిన వరి మునిగిపోతందని రైతులు నా మీద పడిపోతన్నారు. ఎత్తమంటారా?"

"ఎత్తకు! నీ బిడ్డల మీద ఒట్టు, ఎత్తకు! ఇప్పుడు ఎత్తితే ఉప్పునీళ్ళు చేలల్లోకి ఎదురెక్కుతాయి. ఆ గడియారం తప్పు. మంచిది తీసుకుని ఇప్పుడే వస్తున్నా."

రావుగారి ముఖం తెల్లబోయింది. "బాజీ, ఏ డ్రైను అన్నావు? నా ఆరెకరాలూ ఆ డ్రైను కిందేనయ్యా!"

ఆయన కారులోనే బయల్దేరాం. ముందు సీట్లో బాబాయ్, వెనక సీట్లో ఒళ్ళో గడియారంతో నేను. చల్లపల్లి దాటాక ఇక ఆగలేకపోయాను.

"రావుగారూ, మీకో మాట చెప్పాలండీ. ఆ గడియారం..."

"అమ్మాయ్!" అన్నాడు బాబాయ్ వెనక్కి తిరక్కుండానే. "రోడ్డు గతుకులుగా ఉంది. గడియారం గట్టిగా పట్టుకో, మాటలొద్దు."

మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటి వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంటయింది. సముద్రం మీద నుంచి గాలి ఒకటే ఈడ్చి కొడుతోంది. తూముకి ఇటువైపు చేలు చెరువులై ఉన్నాయి, వరికంకులు నీళ్ళ మీద పడుకుని ఉన్నాయి. తూము మీద పాతికమంది రైతులు, మధ్యలో షట్టరు చక్రాన్ని వాటేసుకుని వీరాంజనేయులు. పక్కన రేకుల గదిలో గోడకి రావుగారి నాన్నగారి గడియారం, మామూలు గడియారాల వేగంతో, ఇక్కడ ఎవరికీ పనికిరాకుండా నడుస్తోంది.

బాబాయ్ దాన్ని దించి రావుగారి చేతిలో పెట్టాడు. మేం తెచ్చింది తగిలించి, నీటి మట్టం చూసి, ముళ్ళు రెండుకి తిప్పాడు. అప్పుడు అర్థమైంది నాకు. లోలకం బిళ్ళ కిందికి దించితే గడియారం మెల్లగా నడుస్తుంది. రోజుకి సరిగ్గా యాభై నిమిషాలు వెనకబడేలా దించితే అది పోటు గడియారం. పన్నెండు అంటే నిండు పోటు, ఆరు అంటే నిండు పాటు, ఏ రోజైనా సరే. ముల్లు మూడు దాటాక షట్టరు ఎత్తాలి, తొమ్మిదికి ముందే దించెయ్యాలి. అంతే.

"ఇవన్నీ ఫోన్లోనే వస్తాయి కదయ్యా" అన్నారు రావుగారు.

వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. "ఫోన్లో సముద్రం టైమొస్తదండి, మా తూము టైము రాదు. ఇక్కడికి పోటు రావటానికి గంట పడతది, అవతల తూముకి రెండు గంటలు. ఏ తూము లెక్క ఆ తూముదే. బాబాయ్ గారు ఒక్కో చోట కర్ర పాతి చూసుకుని, దాని ప్రకారం చేసి తెస్తారు. ఈ చుట్టుపక్కల తొమ్మిది తూములకి ఇచ్చారు, పాలకాయతిప్పలో పడవలోళ్ళకి కూడా. పైసా తీసుకోరు. మా పాత గడియారం ఉప్పుగాలికి తుప్పట్టి పోతే, ఇది చేసి తెచ్చారు."

"మరి తప్పు నడిస్తేనో?"

"నడవదండి. ఒక్కో గడియారాన్ని ముందు పదిహేను రోజులు ఆయన బతికి చూస్తారు. దాని ప్రకారమే తినటం, దాని ప్రకారమే పడుకోటం. అది తప్పితే నా అన్నం ఆలస్యమవ్వాలి గానీ మీ చేలోకి ఉప్పునీళ్ళు రాకూడదురా అంటారు."

నేను బాబాయ్ వంక చూశాను. ఇన్నేళ్ళు ఆ మనిషిని పిచ్చి మాలోకం అనుకున్నాను. చల్లారిన అన్నం తిన్నది ఇందుకా! నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం ఇవేవీ పట్టనట్టు తూము అంచున గొంతుక్కూర్చుని నీళ్ళలో గడ్డిపోచలు వేస్తున్నాడు.

ముల్లు మూడు దాటింది. రైతులు, "మూడయింది, ఎత్తండెహే!" అని అరిచారు.

"గడియారం ఎత్తమంది. సముద్రం ఇంకా అనలేదు" అన్నాడు బాబాయ్. "గాలి నీళ్ళని ఒడ్డుకి తోస్తోంది. వాయుగుండం ఉన్న రోజు గడియారాన్ని కాదు, నీళ్ళని అడగాలి."

రావుగారు గడియారాన్ని గుండెకి హత్తుకుని, "ఏవయ్యా, ఇదీ తప్పేనా?" అన్నారు నీరసంగా.

"గడియారం కరెక్టేనండి. సముద్రమే ఇవాళ లేటు."

అంతమంది కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. సముద్రాన్ని ఆలస్యానికి కోప్పడిన మొదటి మనిషి మా బాబాయే అయ్యుండాలి. గడ్డిపోచ మా వైపే కొట్టుకొస్తోంది. ఇంకోటి వేశాడు, అదీ అంతే. పాతికమందిమీ ఊపిరి బిగబట్టి గడ్డిపోచల్ని చూస్తూ నిలబడ్డాం. ముల్లు నాలుగు దగ్గరికి వస్తుండగా ఒక పోచ ఆగింది. కాస్సేపు అక్కడే తిరిగింది. తర్వాత మెల్లగా సముద్రం వైపు కదిలింది.

"ఎత్తరా వీరాంజనేయులూ!"

చక్రం తిరిగింది. చేలల్లో నీళ్ళు హోరుమని డ్రైనులోకి, డ్రైను సముద్రంలోకి. గంట గడిచేసరికి మునిగిన గట్లు పైకి తేలాయి. రావుగారు తన ఆరెకరాల గట్టు కనబడగానే అక్కడే తడినేల మీద చతికిలబడ్డారు, తెల్లపంచె సంగతి కూడా మర్చిపోయి.

అప్పుడు చెప్పేశాను. "రావుగారూ, మీకు గడియారం మార్చి ఇచ్చింది నేనండీ. బాబాయ్‌ది తప్పు లేదు."

ఆయన నన్నూ, బాబాయ్‌నీ మార్చి మార్చి చూశారు. "మరి తప్పు నాదే అన్నావేమయ్యా?"

"నేను వేళకి షాపులో ఉంటే తాళం ఆ పిల్ల చేతికి ఎందుకొస్తుందండీ" అన్నాడు బాబాయ్. "ముందు పెరూ మీద వేద్దామనే అనుకున్నా. మీ కోపం అంతదూరం వెళ్ళేలా కనబడలేదు."

రావుగారు నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించారు. కుదరలేదు.

తిరుగు ప్రయాణంలో అభినవ్ ఫోను చేశాడు. నాన్న ఫోను బీరువాలో ఉంటుంది కాబట్టి నాకు. మాధవి ఒప్పుకుందట. మూడు విడతల సున్నుండల మధ్య చెప్పుకోడానికి మాటలు అయిపోతే, వాడు చెప్పు పోయి చెప్పు దొరికిన కథ చెప్పాడట. నాలుగు నెలలు ఒంటి చెప్పు దాచినవాడు పెళ్ళాన్ని బాగానే చూసుకుంటాడని ఆ పిల్ల లోపలికెళ్ళి తల్లితో చెప్పిందట.

నెలాఖరు రానే వచ్చింది. ఆ పొద్దున్న రావుగారు పెయింటరుని వెంటబెట్టుకుని దిగారు. ఖాళీ చేయించటానికే అనుకున్నాను. పెయింటరు అట్టముక్క పీకేసి, నిలువెత్తు రేకు బోర్డు బిగించాడు. పచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు: "బాజి వాచ్ వర్క్స్. పోటుకి మూసి, పాటుకి తెరవబడును. వివరములకు పక్క జిరాక్సు షాపులో అడగండి."

"ఇదెక్కడి న్యాయమండీ! నా పని నేనెప్పుడు చేసుకోవాలి?" అన్నాను.

"గడియారం మార్చి ఇచ్చావుగా, అనుభవించు" అన్నారాయన, మహా సంతోషంగా.

ఆ తర్వాత పదిహేను రోజులు సాబిరా పిన్ని మళ్ళీ వాపోయింది. పదహారో రోజున బాబాయ్ గోనెసంచిలోంచి ఒక గడియారం తీసి నా షాపు గోడకి తగిలించాడు. "తిథులు లెక్కపెట్టుకునే బాధ తప్పుద్ది" అని మాత్రం అన్నాడు.

నిన్న సాయంత్రం ఒకాయన వచ్చాడు. "అమ్మా, పక్క షాపాయన ఎప్పుడొస్తారండీ?"

నేను గోడ వంక చూశాను. "ఇప్పుడు పన్నెండు. అన్నం తింటున్నారు. ఇంకో అరగంట, కూర్చోండి."

ఆయన చేతి వాచీ చూసుకుని, నన్ను జాలిగా చూశాడు. "మీ గడియారం తప్పమ్మా. ఇప్పుడు నాలుగున్నర."

"మీ వాచీయే తప్పు" అన్నాను. "పెరూ వల్ల."